జీతం అడగాలా, రేటు చెప్పాలా?

సందేహం: మాస్టారూ, నేను ఏడేళ్లు ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో పనిచేసి, పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు ఆ ఆఫీసు యజమానే ఫోన్ చేసి, ఇంటి నుంచే మెయిళ్లకు జవాబులు, టికెట్ల బుకింగు, లెక్కల షీట్లు చూసిపెట్టమంటున్నారు. నా పాత జీతం 20,800 రూపాయలు. 26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 208 గంటలు. కాబట్టి గంటకు వంద ఇస్తానన్నారు. నేను గంటకు 250 అడగాలనుకుంటున్నాను. ఆయనకు ఉత్తరం తెలుగులోనే రాయాలి. ఇలా మొదలుపెట్టాను: ‘గౌరవనీయులైన మాజీ యజమాని గారికి, నాకు జీతం గంటకు 250 రూపాయలు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను.’ జీతం అనాలా, పారితోషికం అనాలా, ప్రతిఫలం అనాలా? బేరమాడినట్టు ఉండకూడదు. ఇలా ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో ఆఫీసు పనులు చేసిపెట్టేవాళ్లను వర్చువల్ అసిస్టెంట్ అంటున్నారు, దానికి తెలుగు మాట కూడా చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ఈ ఉత్తరంలో జీతం అనే మాట వద్దు. అది చెడ్డమాటేమీ కాదు. మీకూ ఆయనకూ మధ్య ఇప్పుడు ఏర్పడుతున్న సంబంధానికి మాత్రం అది సరిపోదు.

జీతం అన్నది సంస్కృతంలోని జీవితం అనే మాటకు వికృతి. బతుకు అనే అర్థం బతుకుతెరువు మీదికి, అక్కడి నుంచి బతుకుతెరువుకు వచ్చే సొమ్ము మీదికి జారింది. మన పల్లెల్లో ‘ఫలానా వాళ్లింట్లో జీతానికి ఉన్నాడు’ అంటే ఇన్ని గంటలు పనిచేస్తాడని ఎవరూ లెక్క వేయరు. మనిషే ఆ ఇంటికి కుదిరాడని అర్థం. జీతగాడు అనే మాట అలా పుట్టిందే. ఆఫీసు జీతంలోనూ ఆ ఛాయ ఉంది. జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజుకు మీకు జీతం వచ్చింది. కస్టమర్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్న గంటకూ వచ్చింది. కంప్యూటరు, కరెంటు, నెట్టు, కుర్చీ, ఏసీ ఆయనవే. పీఎఫ్ ఉన్న ఆఫీసైతే యజమాని తన వాటాగా 12 శాతం విడిగా కడతాడు. వీటన్నిటినీ ‘జీతం’ అనే చిన్న మాట తన కిందే దాచుకుంటుంది.

మీ యజమాని 20,800ని 208తో భాగించినప్పుడు లెక్క తప్పలేదు, మాట తప్పింది. జీతాన్ని గంటలతో భాగిస్తే వచ్చేది గంట జీతం, గంట రేటు కాదు. ఇప్పుడు మీరు మెయిల్ రాసిన నిమిషాలకే డబ్బు. మధ్యలో పాపకు అన్నం పెట్టిన అరగంటకు రాదు, జ్వరమొస్తే రాదు, ల్యాప్‌టాప్ పాడైతే బాగు చేయించుకునేదీ మీరే. ఉత్తరంలో మీరే ‘నా జీతం’ అని రాస్తే, ఆయన వేసిన లెక్కను మీ నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. 250 అడగడం అప్పుడు ఒక్కసారిగా రెండున్నర రెట్ల జీతం పెంచమన్నట్టు వినిపిస్తుంది. నా పట్టుదలంతా అందుకే.

పారితోషికం కూడా వద్దు. పరితోషం అంటే సంతోషం. సంతోషించి ఇచ్చేది పారితోషికం. సినిమావాళ్ల విషయంలో పత్రికలు ఆ మాటను వాడి వాడి దానికి ఫీజు అనే అర్థం తెచ్చాయి, అక్కడ చెల్లుతుంది. కానీ దాని వేరులో ఇచ్చేవాడి సంతోషమే ఉంది. టికెట్ల షీటు సరిగ్గా చేసిపెట్టినందుకు ఆయన సంతోషించినా, చిరాకు పడినా మీ డబ్బు మీకు రావాలి కదా. గౌరవ వేతనం సంగతి మీరు అడగలేదు కానీ, ఆయన ఆ మాట వాడితే జాగ్రత్తపడండి. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చే సొమ్మును ప్రభుత్వాలు ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చాయి. తమను ఉద్యోగులుగా గుర్తించమని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. పేరులో గౌరవం ఉన్నంతమాత్రాన చేతికి వచ్చేది పెరగదు.

ప్రతిఫలం సరైన మాటే, కాస్త బరువైనది. ఆస్తి దస్తావేజుల్లో, ఒప్పంద పత్రాల్లో అది స్థిరపడింది. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. అందువల్ల రేపు మీరిద్దరూ కాగితం రాసుకుంటే అందులో ‘ప్రతిఫలం’ అని రాయండి. ఉత్తరంలో మాత్రం ‘ప్రతిఫలాపేక్ష’ లాంటి మాటలు గుర్తొచ్చి ఇబ్బందిగా ఉంటుంది.

మరి ఏమనాలి? రేటు అనండి. తెలుగు పండితుడై రేటు అనమంటాడేమిటని అనుకోవద్దు. ధర, వెల అనేవి వస్తువులకు నప్పుతాయి. చేసిపెట్టే పనికి మన జనం రేటు అనీ, ఛార్జీ అనీ, ఫీజు అనీ అంటున్నారు, అందరికీ తెలుస్తోంది. పాతకాలంలోనూ ఇలాంటి అవసరం వస్తే అరువు మాటలే పనికొచ్చాయి. నగల దుకాణంలో బంగారం ధర వేరు, మజూరీ వేరు. ఆ మజూరీ పారసీ నుంచి వచ్చిందే. చేనేతలోనూ నేసినందుకు ఇచ్చేది మజూరీయే. ప్రభుత్వ కార్యాలయాల్లో కట్టే రుసుము అరబ్బీ మూలం ఉన్న మాట. అచ్చంగా మనదైన మాట కావాలంటే కూలి ఉంది, తమిళ కన్నడాల్లోనూ ఉంది. తెలంగాణ పల్లెల్లో కైకిలి అంటారు, కై అంటే చెయ్యి. నాకు ఎంతో ఇష్టమైన మాట అది. చేసిన రోజుకు, చేసిన పనికి ఇచ్చే డబ్బు అని మీ అవసరానికి అర్థం కూడా అతికినట్టు సరిపోతుంది. కానీ శారీరక శ్రమకే దాన్ని పరిమితం చేసి, తక్కువ చూపు చూడటం మనకు అలవాటైంది. ఆ చూపు తప్పని నా అభిప్రాయం. అయినా రేటు పెంచమని రాసే ఉత్తరంలో ఆ తగువు పెట్టుకోవడం మీకు నష్టం.

పల్లెమాటల్లో ఇంకొకటి మాత్రం ధైర్యంగా తీసుకోండి. అది గుత్త. రోజు కూలికి నాట్లు వేయడం ఒక పద్ధతి, ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని గుత్తకు వేయడం ఇంకో పద్ధతి. గుత్తలో ఎన్ని గంటలు పట్టిందని ఎవరూ అడగరు, పని అయిందా లేదా అన్నదే చూస్తారు. కంప్యూటరు పనుల్లో ‘ప్యాకేజీ’ అంటున్నది ఇదే. టికెట్ల బుకింగులో మీకు ఏడేళ్ల అనుభవం ఉంది. కొత్తవాళ్లు గంట చేసే పని మీరు ఇరవై నిమిషాల్లో చేస్తారు. గంటల లెక్కన తీసుకుంటే మీ నేర్పే మీకు నష్టం తెస్తుంది. అలాంటి పనులకు గుత్త చెప్పండి, ఎప్పుడు ఎంత వస్తాయో తెలియని మెయిళ్లకు గంట రేటు చెప్పండి.

ఇక క్రియల దగ్గరకు వద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ‘ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను’ అన్నారు. ఇవ్వడం కాదు, ఇప్పించడం. అంటే ఆయన ఇంకెవరికో చెప్పి ఇప్పించేంత పైన ఉన్నారు, మీరు కింద నిలబడి ఉన్నారు. ‘గలరు’ అన్నది శక్తిని చెప్పే మాట. ‘పంపగలరు’ అంటే పంపే శక్తి ఉన్నవారు అని. దాన్ని ‘దయచేసి పంపండి’ అనే అర్థంలో దరఖాస్తుల్లో వాడి అలవాటు చేసుకున్నాం. చివర ప్రార్థన. ఈ మూడూ కలిస్తే అది సెలవు చీటీ అవుతుంది. పని ఒప్పుకునే ఉత్తరంలా ఉండదు.

మీ వీధిలో దర్జీ ఏమంటాడో గుర్తు చేసుకోండి. ‘బ్లౌజుకు ఎంత?’ అంటే ‘నాకు మూడు వందలు కావాలి’ అనడు, ‘ఇప్పించండి’ అనడు. ‘మూడు వందలు అవుతుందమ్మా’ అంటాడు, లేదా ‘మూడు వందలు తీసుకుంటామండి’ అంటాడు. ‘కావాలి’లో కోరిక ఉంది, అవసరం ఉంది. అవసరం వినిపించగానే ఎదుటివాడు ఆ అవసరం ఎంతో ఆలోచించడం మొదలుపెడతాడు. ‘అవుతుంది’లో మనిషి లేడు, పనీ దాని ఖరీదే ఉన్నాయి. మర్యాద కూడా ఎక్కడా తగ్గలేదు. వందల ఏళ్లుగా చేతిపనివాళ్లు సానపెట్టిన వాక్యం ఇది. ఏ వాణిజ్య పాఠమూ ఇంతకన్నా బాగా నేర్పదని నేను నమ్ముతాను.

ఒక్క సూక్ష్మం. ‘తీసుకుంటున్నాను’ అని రాయకండి. ఇప్పటికే వేరేవాళ్ల దగ్గర ఆ రేటు తీసుకుంటున్నట్టు అర్థమొస్తుంది, మీకు ఇదే మొదటి పని అయితే అది అబద్ధమవుతుంది. ‘తీసుకుంటాను’ అనండి. అలవాటుకూ, ఇకముందు జరిగేదానికీ ఆ ఒక్క రూపమే సరిపోతుంది.

ఆయన తగ్గించమంటే? ‘తగ్గించను’ అంటే మీరు మొండికేసినట్టు ఉంటుంది. ‘ఆ రేటుకు గిట్టుబాటు కాదు సర్’ అనండి. గిట్టుబాటు రైతుల నోట బతికిన మాట. పెట్టుబడి, శ్రమ, మిగులు అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ‘వందే ఇవ్వగలిగితే లెక్కల షీట్లు వదిలేసి మెయిళ్ల వరకే చూస్తాను, గంట సేపట్లో అయ్యేంత వరకే’ అని మీరు లొంగవద్దు. రేటు అలాగే ఉంచి, ‘బడ్జెట్‌ను బట్టి గంటలు తగ్గించుకుందాం సర్’ అనండి.

బేరమాడినట్టు ఉండకూడదన్నారు. ఆ మాటంటే మీకెందుకు బెరుకు? బేరం, వర్తకుడు అనే అర్థమున్న బేహారి, ఈ రెండూ వ్యవహారం అనే మాట కుటుంబానివి. ఇద్దరు మనుషులు సమానంగా నిలబడి మాట్లాడుకుంటేనే బేరం. ‘బేరం తెగింది’ అంటే కుదిరిందనే మనవాళ్ల అర్థం, అందులో తగవు లేదు. మీకు అడ్డొచ్చేది బేరం కాదమ్మా, మొహమాటం. మొదటి నెల ఊరికే చేసిపెడదామని కూడా మనసులో ఉండి ఉంటుంది. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలను కాస్తానన్నదట అనే సామెత మనకుంది. ఊరికే చేస్తాననేవాళ్లను లోకం ఎలా చూస్తుందో అందులో ఉంది. ఉద్యోగంలో చేరకుండా మీలా విడిగా పనులు ఒప్పుకుని చేయడాన్ని ఫ్రీలాన్స్ అంటారు, అందులోని ఫ్రీకి కూడా స్వేచ్ఛ అనే అర్థమే, ఊరికే అని కాదు. మన ఉచితం సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. ఔచిత్యం, సముచితం అందులోంచి వచ్చినవే. తెలుగులో వ్యవహారంలోకి వచ్చేసరికి డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది ఉచితమైంది. మీరు అడుగుతున్నది పాత అర్థంలో ఉచితమైన రేటు.

‘మాజీ యజమాని’ కూడా మార్చండి. మాజీ ముఖ్యమంత్రి అంటే ఇప్పుడు ఆ పదవిలో లేని మనిషి. మాజీ యజమాని అంటే ఆ ఆఫీసు ఆయన చేతుల్లోంచి పోయిందన్న అర్థం వస్తుంది. ఆయన ఇప్పటికీ యజమానే, మీరే ఉద్యోగి కారు. మూడోవాళ్లతో చెప్పేటప్పుడు ‘నేను ఇంతకుముందు పనిచేసిన ఆఫీసు యజమాని’ అనండి. ఆయనకు రాసేటప్పుడు ఏడేళ్లు పిలిచిన పిలుపే పిలవండి, ‘సర్, నమస్కారం’ చాలు.

నేనైతే ఇలా రాస్తాను:

‘సర్, నమస్కారం. మీరు చెప్పిన పనులు ఇంటి నుంచి చేయడం నాకు ఇష్టమే. మెయిళ్ల పనికి, లెక్కల షీట్లకు గంటకు 250 రూపాయలు తీసుకుంటాను. కంప్యూటరు, నెట్టు ఖర్చులు నావే. వారానికి పది గంటల చొప్పున నాలుగు వారాలకు 10,000 రూపాయలు అవుతుంది. టికెట్ల బుకింగుకు గుత్త మాట్లాడుకుందాం. మీకు సమ్మతమైతే వచ్చే సోమవారం నుంచి మొదలుపెడతాను.’

అడ్వాన్సు అడగదలిస్తే అడ్వాన్సు అనే రాయండి, తెలంగాణలో బయానా అన్నా తెలుస్తుంది. దీనికి మనకు సంచకారం అనే పాత మాట ఉంది, సత్యంకారానికి వికృతి. ఇచ్చిన మాటను నిజం చేయడానికి ముందుగా చేతిలో పెట్టే సొమ్ము అని. అంత అందమైన మాట వాడుకలోంచి తప్పుకుంటున్నందుకు బాధగా ఉంది.

వర్చువల్ అసిస్టెంట్‌ను అనువదించే పని పెట్టుకోకండి. భౌతికశాస్త్ర పుస్తకాల్లో వర్చువల్ ఇమేజ్‌ను మిథ్యా ప్రతిబింబం అన్నారు, అద్దం విషయంలో అది సరైనదే. ఆ లెక్కన మీరు మిథ్యా సహాయకురాలు అవుతారు. ఉన్న మనిషిని లేదనడమేమిటి? వర్చువల్ అసిస్టెంట్ అనే రాయండి, తెలుగు కావాలంటే ‘ఆన్‌లైన్ సహాయకురాలు’ అనండి.