ఆ ఆయిల్ పారబోయనివ్వకండి

ప్రశ్న: మాది తాడిపత్రి. బెంగళూరులో ఎనిమిది లక్షలకు కొత్త పెట్రోల్ కారు కొని రెండేళ్లయింది. సొంత వాడకమే. వారంటీ మూడేళ్లు. ఇంజన్‌లో టకటక శబ్దం వస్తోందని ఇక్కడి మెకానిక్ దగ్గర ఆయిల్ దించితే ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున తళతళలాడే లోహపు రేకులు కనిపించాయి. 'ఆయిల్ టైముకు మార్చలేదు, వారంటీ రాదు, ఇంజన్ విప్పడానికి సంతకం పెట్టండి' అంటున్నారు షోరూమ్‌వాళ్లు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సంతకం ఆపండి, కారు స్టార్ట్ చేయకండి. గుత్తి నుంచి నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే ఇంజన్ విప్పించేసి, రిపేరయ్యాక వచ్చారు. దించిన ఆయిల్ లేదు, పాత బేరింగులు లేవు. చేతిలో బిల్లు ఒక్కటే. కేసు ఓడిపోయాం. ఆ బాధ నాకింకా ఉంది.

ఆ ఆయిల్ మిగిలి ఉంటే రేకులతో సహా గాజు సీసాలో పోసి, మూత బిగించి, తేదీ, కిలోమీటర్ల రీడింగు రాసి అంటించండి. పాత ఫిల్టర్ కూడా దాచండి, దాని మడతల్లోనూ ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఒక్క రేకు బయటికి తీసి, వీడియో తీస్తూ అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుమో ఉక్కో. అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం కావచ్చు, అంటే పిస్టన్‌నో బేరింగునో అనుమానించాలి. రాగి రంగు కనిపిస్తే బేరింగు పైపొర పోయి లోపలి పొర దాకా అరిగి ఉండవచ్చు. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు పట్టిన మెత్తటి నుసి మామూలు అరుగుదల కావచ్చు గానీ, రేకులు మామూలు విషయం కాదు.

అయితే బేరింగు పోయిందని తేలినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. ఓనరు ఆయిల్ మార్చకపోయినా బేరింగు పోతుంది, ఆయిల్ పంపులో లోపమున్నా పోతుంది. అసలు తగాదా ఇక్కడే. కాబట్టి రెండేళ్ల సర్వీసు బిల్లులన్నీ బయటికి తీయండి. షోరూమ్ బయట ఆయిల్ దించడాన్ని అవతలివాళ్లు తప్పకుండా పట్టుకుంటారు. ఆ మెకానిక్ దగ్గర బిల్లు, తను కళ్లారా చూసినదానికి రాతమూలక వాంగ్మూలం ఇప్పుడే తీసుకోండి.

తర్వాత డీలరుకూ, కంపెనీకీ స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ ఒకే ఉత్తరం పంపండి. వారంటీ ఏ షరతు ప్రకారం రాదో రాసివ్వమని అడగండి. ఇంజన్‌ను మీ ఎదుట, మీరు తెచ్చిన మెకానికల్ ఇంజనీర్ ఎదుట, వీడియో తీస్తూ విప్పాలని, పాత పార్టులు భద్రపరచాలని రాయండి.

జవాబు రాకపోతే బెంగళూరు తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, డీలరు, కంపెనీ ఇద్దరి మీదా ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన ధరను బట్టి ఫీజు 200 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే సెక్షన్ 38 కింద కమిషనే ల్యాబ్‌కు పంపగలదు, మీరూ ఆ మేరకు దరఖాస్తు పెట్టండి. ఫిర్యాదుకు గడువు తగాదాకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు గానీ, అంతదాకా ఆగకండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా కొన్ని తగాదాలు అక్కడే తెగుతాయి.

కారు ఎక్కడికి తీసుకెళ్లాలన్నా టోయింగ్ చేయించి రసీదు దాచండి. ఆ ఖర్చు కూడా ఫిర్యాదులో అడగవచ్చు.