ఎవరో మెస్మరిజం చేశారంటున్నారు, గోలీలు ఆపేశాం... ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పరకాల దగ్గర ఊరు. మా ఆయనకు 41 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. రోజూ బండి మీద పోయి వస్తారు. పోయిన గణపతి నవరాత్రులప్పుడు మా ఊళ్లో హిప్నాటిజం షో పెట్టి, ఈయనను స్టేజీ మీదికి పిలిచి రెండు కుర్చీల మధ్య కట్టెలాగా పడుకోబెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ల నుంచి ఉన్నట్టుండి ఆగిపోయి ఒకవైపే చూస్తున్నారు. పిలిస్తే పలకరు. నోరు చప్పరిస్తారు, అంగీ గుండీ పట్టుకుని తిప్పుతుంటారు. ఒక నిమిషం, నిమిషంన్నర. తర్వాత మామూలే. ఏమైందంటే తెలియదంటారు. వారానికి రెండు మూడుసార్లు ఇలా అవుతోంది. మెస్మరిజం చేసి వశం చేసుకున్నారని మా అత్తగారు వాళ్లు అంటున్నారు. హిప్నాటిజం తెలిసిన ఒకాయన దగ్గరికి పోతే 11 సిట్టింగ్‌లలో కట్టు విడిపిస్తానన్నాడు, 15 వేలు అడిగాడు. ఏడాది నుంచి వేసుకుంటున్న నిద్రగోలీ (అల్ప్రజోలామ్) ఆపేయమన్నాడు. ఆపి మూడు రోజులైంది. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. మెస్మరిజం, హిప్నాటిజం ఒకటేనా? దూరం నుంచి చేయగలరా? చేసింది తీసేయవచ్చా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కానీ అన్నిటికన్నా ముందు చూడాల్సింది మీరు చివర్లో రాసిన రెండు ముక్కలు. గోలీ ఆపి మూడు రోజులైంది, చేతులు వణుకుతున్నాయి. ఇది చదవగానే, జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేసి ఇవాళే ఆసుపత్రికి వెళ్లమని చెప్పాలని పోర్టల్ వారిని కోరాను. మిగతా పాఠకుల కోసం కూడా అదే మాట ఇక్కడ రాస్తున్నాను.

అల్ప్రజోలామ్‌ను నెలల తరబడి వేసుకున్న మనిషి ఒక్కసారిగా ఆపకూడదు. మెదడు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. అది ఉన్నట్టుండి అందకపోతే నిద్ర పట్టదు, చెమటలు, వణుకు, గుండెదడ, చిరాకు మొదలవుతాయి. కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. కొందరికి పెద్ద ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మన నిజామాబాద్, మెదక్ వైపు కల్తీ కల్లు ఆగినప్పుడల్లా జనం పిచ్చిపట్టినట్టు అరుస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరడం పేపర్లలో చదివే ఉంటారు. ఆ కల్లులో కలిపేది చాలాచోట్ల ఈ మందే. మీ ఆయనకు కల్లు అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి. మోతాదు లెక్క దాన్నిబట్టి మారుతుంది.

అలాగని పాత గోలీని మీరే మళ్లీ మొదలుపెట్టమని నేను చెప్పడం లేదు. ఎంత వేయాలి, ఎన్ని వారాల్లో తగ్గించాలి అన్నది మనిషిని చూసిన డాక్టరే నిర్ణయించాలి. ఇవాళే వెళ్లండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. రాత్రయినా సరే.

ఇంకో అనుమానం. కదలకుండా చూడటం, పిలిచినా పలకకపోవడం, నోరు చప్పరించడం, గుండీ పట్టుకుని తిప్పడం, తర్వాత గుర్తులేకపోవడం. ఇవి ఒకే వరసలో, ప్రతిసారీ ఒకేలా వస్తుంటే మాకు ముందుగా తట్టేది ఒక రకం ఫిట్స్. కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటేనే ఫిట్స్ అని మనవాళ్లు అనుకుంటారు. మెదడులో ఒక మూల మాత్రమే, ముఖ్యంగా కణత వైపు, కరెంటు కాసేపు గాడి తప్పితే మనిషి నిలబడే ఉంటాడు, కళ్లు తెరిచే ఉంటాయి, తెలివి మాత్రం ఉండదు. మనిషిని చూడకుండా ఉత్తరం చదివి రోగం పేరు ఖాయం చేయడం తప్పు, నేనా పని చేయను. షుగర్ పడిపోయినా, రక్తంలో సోడియం తగ్గినా, మనసులోని ఒత్తిడి వల్ల కూడా ఇలాంటివి రావచ్చు. అందుకే రక్త పరీక్షలు, ఈఈజీ (మెదడులోని కరెంటును గీతలుగా చూపే పరీక్ష), ఎంఆర్ఐ అవసరం కావచ్చు. ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, అది కూడా గుర్తుంచుకోండి. 40 దాటాక కొత్తగా మొదలైతే కారణం తప్పకుండా వెతకాలి. మన దేశంలో మెదడులో బద్దెపురుగు తిత్తి వల్ల వచ్చే ఫిట్స్ తక్కువేమీ కాదు. మాంసం ముట్టనివాళ్లకు కూడా సరిగా కడగని కూరగాయల వల్ల అది రావచ్చు.

నా దగ్గరికి కొన్నేళ్ల కింద ఒక ఆడమనిషి వచ్చింది. బీడీలు చుడుతూ చుడుతూ మధ్యలో ఆగిపోయి, చేతిలోని తునికాకును అలాగే నలుపుతూ కూర్చునేది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని రెండేళ్లు తాయెత్తులు కట్టించారు. ఒకరోజు పొయ్యి ముందు ఉండగా అలాగే అయి మోచేతి దాకా కాలింది. కాలిన గాయం చూపించడానికి వస్తే అసలు జబ్బు బయటపడింది. మందులు మొదలయ్యాక మళ్లీ రాలేదు. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాచలేకపోతోంది. ఆలస్యం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ చెయ్యే.

ఇక మీరు అడిగినవి.

మెస్మరిజం పాతది, హిప్నాటిజం దానిలోంచి పుట్టింది. వియన్నాలో చదువుకున్న మెస్మర్ అనే డాక్టర్ (1734–1815) లోకమంతా ఒక కనిపించని అయస్కాంత ద్రవం నిండి ఉందని, అది ఒంట్లో సరిగా పారకపోతే జబ్బులొస్తాయని, తన చేతులతో దాన్ని సరిచేయగలనని నమ్మాడు. 1778లో పారిస్ చేరాడు. ఇనుప రజను, నీళ్ల సీసాలు నింపిన పెద్ద తొట్టి చుట్టూ రోగులను కూర్చోబెట్టి, దానిలోంచి వచ్చే ఇనుప కడ్డీలను నొప్పి ఉన్నచోట పెట్టుకోమనేవాడు. జనం వణికిపోయేవారు, ఏడ్చేవారు, పడిపోయేవారు. చాలామంది తగ్గిందని చెప్పేవారు కూడా.

1784లో ఫ్రాన్స్ రాజు దీనిపై కమిషన్ వేశాడు. అందులో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త లవోజియర్ లాంటి పెద్దలున్నారు. వాళ్లు చేసిన ఒక పరీక్ష మీకు తప్పక చెప్పాలి. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో మెస్మర్ శిష్యుడు ఒక ఆప్రికాట్ చెట్టుకు ఆ శక్తి ఎక్కించాడు. తర్వాత 12 ఏళ్ల పిల్లవాడిని కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి ఒక్కో చెట్టునూ కౌగిలించుకోమన్నారు. వాడు శక్తి ఎక్కించిన చెట్టు దాకా పోనేలేదు. నాలుగో చెట్టు దగ్గరే సొమ్మసిల్లి పడిపోయాడు. అది ఉత్త చెట్టు. పిల్లవాడు నటించలేదు, నిజంగానే పడ్డాడు. పడేసింది చెట్టు కాదు, తనకు ఏదో అవుతుందన్న వాడి నమ్మకమే. ద్రవం అనేది లేదని, ఇదంతా ఊహ చేసే పని అని కమిషన్ తేల్చింది.

దూరం నుంచి చేయగలరా అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ తోటలోనే ఉంది. ఒకరి చేతిలోంచి, చూపులోంచి బయటికి వచ్చి ఇంకొకరిని పట్టుకునే శక్తి ఏదీ లేదు. మీ ఊరి స్టేజీ మీద జరిగింది నెలల తర్వాత ఎనుమాములలో చిట్టా రాస్తున్న మనిషి పెన్నును ఆపడం జరిగే పని కాదు. రెండు కుర్చీల మధ్య కట్టెలా పడుకోవడం ఒళ్లు బిగబట్టిన ఆరోగ్యవంతుడు ఎవరైనా హిప్నాటిజం లేకుండానే చేయగలడు. ఇంట్లో ప్రయత్నించకండి, నడుం పట్టేస్తుంది.

మన దేశానికీ ఈ కథలో పెద్ద భాగమే ఉంది. గోవాలో పుట్టిన అబ్బే ఫరియా (1756–1819) అనే పాదిరి పారిస్‌లోనే ఉండి, శక్తి చేసేవాడిలో లేదు, చేయించుకునేవాడి మనసులోనే ఉందని చెప్పాడు. పణజిలో ఆయన విగ్రహం ఉంది, గోవా వెళ్లినప్పుడు చూడండి. ఇంకొకరు జేమ్స్ ఎస్‌డేల్. కలకత్తా దగ్గర హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ సర్జన్. మత్తుమందులు లేని రోజులవి, కోత అంటే రోగిని నలుగురు గట్టిగా పట్టుకోవాల్సిందే. ఆయన 1845 ఏప్రిల్‌లో బుడ్డ జబ్బుతో (వృషణాల చుట్టూ నీరు చేరడం) బాధపడుతున్న ఒక ఖైదీతో మొదలుపెట్టి, మెస్మరిజంతో చాలామందికి ఆపరేషన్లు చేశాడు. చీకటి గదిలో రోగిని పడుకోబెట్టి, ఆయన దగ్గర పనిచేసే మనవాళ్లే గంటల తరబడి ఒంటి మీద తగలీ తగలకుండా చేతులు ఆడించేవారు. ఆయనకు కలకత్తాలో ఆసుపత్రి కూడా ఇచ్చారు. అయితే 1846లో అమెరికాలో ఈథర్, మరుసటి ఏడాది క్లోరోఫామ్ వచ్చాయి. గంటల పని నిమిషాల్లో అయ్యేసరికి సర్జన్లు అటు మళ్లారు. ఆ క్లోరోఫామ్ ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు పనిచేశాయి. మన దగ్గర వైద్యం అలా పరీక్షలకు నిలబడి ఎదిగింది.

హిప్నాటిజం అనే పేరు వ్యాప్తిలోకి తెచ్చింది జేమ్స్ బ్రెయిడ్. మాంచెస్టర్‌లో ఉన్న స్కాట్లాండ్ సర్జన్. 1841లో ఒక మెస్మరిజం షో చూసి, మోసం బయటపెడదామని వెళ్లినవాడు ఇందులో ఏదో ఉందని తిరిగొచ్చాడు. తన కత్తుల పెట్టెను కళ్లకు జానెడు, జానెడున్నర దూరంలో, కాస్త పైకి పట్టుకుని రెప్ప వేయకుండా చూడమనేవాడు. కళ్లు అలసి మూతపడేవి. అయస్కాంతం అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, దృష్టి ఒకచోట నిలిస్తే చాలని ఆయన చూపించాడు.

ఈరోజు మేం హిప్నాసిస్ అనేది అదే. నిద్ర కాదు, స్పృహ తప్పడం కాదు. మేడారంలో, కొమురవెల్లిలో పూనకం వచ్చినవారిని మీరు చూసే ఉంటారు. అది వేరు, దాని వెనక భక్తి ఉంది, దాని జోలికి నేను పోను. కానీ మనసు ఒకదానిలో పూర్తిగా మునిగితే ఒళ్లు ఎంత మారుతుందో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తోచలేదు. అందరూ ఒకేలా మునగరు. బాగా లోతుకు వెళ్లేవారు నూటికి 10, 15 మంది ఉంటారు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1955లో, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1958లో దీన్ని వైద్యంలో వాడవచ్చని ఒప్పుకున్నాయి. కొన్ని నొప్పులకు, ఆపరేషన్ ముందు భయానికి, టెన్షన్‌తో కడుపు పాడయ్యే ఐబీఎస్‌కు శిక్షణ ఉన్నవారి చేతిలో పనికొస్తుంది. ఫిట్స్‌కు మందుల బదులు మాత్రం పనికిరాదు. మానసిక జబ్బు తీవ్రంగా ఉన్నవారికి హాని కూడా చేయవచ్చు. హిప్నాసిస్‌లో పాత సంగతులు తవ్వితే లేనివి కూడా జరిగినట్టు గుర్తొస్తాయి. వశం చేసిందెవరో చెప్పు చెప్పు అని అడిగితే మీ ఆయన నోట ఎవరో పక్కింటివారి పేరు రావచ్చు. తర్వాత ఊళ్లో జరిగే గొడవను ఎవరాపుతారు?

కాబట్టి కట్టు విడిపించడానికి అసలు కట్టే లేదు. ఆ 15 వేలు పరీక్షలకు ఉంచుకోండి. ఆ మనిషి మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. కానీ వేరే డాక్టర్ మందును ఆపమనే హక్కు అతనికి లేదు.

అయితే అసలు ఆ మందు రాసిన డాక్టర్ ఎవరు? మీ ఉత్తరంలో ఆ పేరే లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నారని నా అనుమానం. నా టేబుల్ మీదికి వచ్చే స్ట్రిప్పులు ఎలా ఉంటాయో చెబుతాను. కత్తెరతో నాలుగు గోలీలకు కత్తిరించి ఉంటాయి. పేరున్న భాగం, తేదీ ఉన్న భాగం షాపులోనే ఉండిపోతాయి. బిల్లు ఉండదు. తెల్లది, చిన్నది, రాత్రిది అని చెబుతారు. అల్ప్రజోలామ్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రిజిస్టర్‌లో రోగి పేరు, డాక్టర్ పేరు రాయాలి. చట్టం అలా ఉంది. అయినా అడిగేవాళ్లం అడుగుతున్నాం, ఇచ్చేవాళ్లు ఇస్తున్నారు. మిమ్మల్ని కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఏడాదిపాటు నిద్ర ఎందుకు పట్టడం లేదని ఒక్కసారైనా ఎవరికైనా చూపించాల్సింది. సీజన్‌లో లెక్కల టెన్షనా, అప్పులా, గురకా, దిగులా? కారణం అలాగే ఉంది, పైన గోలీ కప్పాం.

మళ్లీ అలా అయితే మనిషిని మెల్లగా కూర్చోబెట్టండి, పక్కనున్న పొయ్యి, కత్తి లాంటివి జరపండి. పడిపోయి కొట్టుకుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, ఉల్లిగడ్డ వాసన చూపొద్దు, నోట్లో నీళ్లు, చెంచా ఏదీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కు ఫోన్ చేయండి. వీలైతే ఇంట్లో ఇంకొకరిని సెల్‌లో వీడియో తీయమనండి. మీరు చెప్పే పది మాటల కన్నా ఆ నిమిషం వీడియో న్యూరాలజిస్టుకు ఎక్కువ చెబుతుంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పు ముక్కలు, ఏ రోజు ఎన్ని గంటలకు అలా అయిందో రాసిన కాగితం తీసుకెళ్లండి. ఆటోలోనో బస్సులోనో వెళ్లండి. డాక్టర్ సరే అనేదాకా బావి గట్టు, చెరువు, మిద్దె మీద ఒంటరిగా వద్దు. బండి తాళం మీ దగ్గరే పెట్టుకోండి.