డిసెంబర్ దాకా ఆగుతానన్న మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయ్,

బెంగళూరులో నువ్వు డిసెంబర్‌లో బాప్తిస్మం తీసుకుంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ అత్తయ్య వెంటనే పక్కింటికి వెళ్లి చెప్పొచ్చింది, నాకైతే కళ్లు చెమర్చాయి. తర్వాత అమ్మ నవ్వుతూ ఇంకో మాట చెప్పింది, "అప్పటిదాకా టైముందిగా, అన్నీ ఎంజాయ్ చేసి పాపాలు ఒకేసారి కడిగేసుకుంటా" అన్నావట. ఇక్కడ చెన్నై పెరంబూరులో పాల ప్యాకెట్లు వచ్చేదాకా నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆ లెక్క నువ్వు కనిపెట్టిందేం కాదు, రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కూడా చావు దగ్గరపడ్డాకే 337లో బాప్తిస్మం తీసుకున్నాడు. రాజుల సంగతి మనకెందుకు, నా సంగతి విను.

(బాప్తిస్మం రోజుకి ఇంకో జత బట్టలు, తువ్వాలు పెట్టుకో. పాస్టరుగారి క్లాసులు మానకు. మిగతావి ఆయనే చెప్తారు.)

1986లో మద్రాసు ప్యారిస్ కార్నర్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. గదిలో నాతో ఉండే ఒంగోలు కుర్రాడు చెల్లెలి పెళ్లికని నెలనెలా దాచే డబ్బు నా ట్రంకుపెట్టెలో పెట్టమనేవాడు, చర్చికి పోయేవాణ్ణని నామీద నమ్మకం. నాకేమో బర్మా బజారులో ఒక కాసియో వాచీ మీద కన్ను పడింది. పెట్టె తాళం తీసేటప్పుడు నా నోట్లో ఏముందో తెలుసా? "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" దేవుడు క్షమిస్తాడన్న యోహాను పత్రిక వాక్యం! ఇప్పుడు తీస్తా, ఆదివారం ఒప్పుకుంటా అని బేరం కుదుర్చుకునే 600 తీశా.

ఆదివారం ఒప్పుకున్నా కూడా. పెళ్లి దగ్గరపడి అతను డబ్బడిగితే దొంగలు పడ్డారన్నా, పాపం వడ్డీకి తెచ్చి పెళ్లి చేశాడు. చర్చిలో ప్రభు భోజనంలో రొట్టె కోసం చెయ్యి చాపేటప్పుడు మొదట్లో చొక్కా చేతిని లాగి ఆ వాచీని కప్పేవాణ్ణి, ఏడాది తిరిగేసరికి కప్పడం కూడా మానేశా. దానికిరా నేను భయపడేది. దేవుడి దగ్గర కనికరానికి కరువు లేదు, అడగాలని మనకి అనిపించడమే ఆగిపోతుంది.

తెలిసి పాపం చేస్తే ఇక బలి ఉండదనే హెబ్రీ 10:26లో "బుద్ధిపూర్వకముగా" అన్న మాట ఒకసారి కాలుజారినవాడి గురించి కాదు, సత్యం తెలిశాక కూడా అదే పని చేస్తూ పోయేవాడి గురించి. ఊరియా భార్యను తీసుకున్న దావీదు రాజు కూడా తెలిసే చేశాడు, ప్రవక్త నాతాను వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా కదల్లేదు.

నాకు నాతానుగా వచ్చింది బైబిల్లో లేవీయకాండం 6వ అధ్యాయం. కాజేసిన సొమ్ముకి ఐదో వంతు కలిపి సొంతదారుకి ఇవ్వాలి, బలి ఆ తర్వాతే. 1997లో 720 పట్టుకుని ఒంగోలు వెళ్లా. అతను నోట్లు లెక్కపెట్టి 120 తిరిగి నా చేతిలో పెట్టి, "వాచీ కట్టుకొచ్చిన రోజే తెలుసన్నా, నువ్వే చెప్తావని చూశా" అన్నాడు. పదకొండేళ్లు చూశాడురా! వాళ్లమ్మ గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టింది. ముద్ద కలుపుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు.

డిసెంబర్ దాకా నువ్వు దాచుకున్నవి ఏమిటో నేనడగను, వెధవ్వేషాలేవో ఉండే ఉంటాయి. ఎవరికైనా ఏమైనా తిరిగివ్వాల్సి ఉంటే మాత్రం ఈ వారమే ఇచ్చెయ్, తక్కువైతే నాకు చెప్పు, అమ్మకి తెలియనివ్వను. శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా, అత్తయ్య ఆవకాయ కడుతోంది, స్టేషనుకి రా.

మీ మావయ్య