రుద్రమ కొలువులో ఏ తెలుగు మాట్లాడించాలి?

సందేహం: మా బడి వార్షికోత్సవానికి రుద్రమదేవి మీద చిన్న నాటిక రాస్తున్నాను. సేనాని చేత "మహారాణీ, తమరు హుకుం ఇస్తే సైన్యం తయారు" అనిపించాను. 'రుద్రమదేవి' సినిమాలో గోన గన్నారెడ్డి మన తెలంగాణ యాసలో మాట్లాడాడు కదా, నాటికంతా అలాగే రాద్దామనుకున్నాను. మా సహోపాధ్యాయుడు ఒప్పుకోవడం లేదు. కాకతీయుల కాలంలో గ్రాంథికమే మాట్లాడేవారట, సినిమాలో మిగతా పాత్రలదే అసలు భాషట. ఎవరి మాట సరైనది?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: మీరిద్దరూ సాక్ష్యానికి సినిమానే పిలిచారు. చిక్కు అక్కడే వచ్చింది. కథ ఏ శతాబ్దానిదైనా, పాత్రల నోటి భాష మాత్రం ఆ సినిమా తీసిన ఏడాదిదే.

ఆ సినిమా 2015 అక్టోబరులో వచ్చింది. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి ఏడాదిన్నర నిండలేదు. పేరున్న హీరో, అందులోనూ వీరుడి వేషంలో, ఈ యాస మాట్లాడటానికి అంతకన్నా అనువైన సమయం ఏముంటుంది? ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి 1985 నాటి 'ప్రతిఘటన' చూడండి. అక్కడ కోట శ్రీనివాసరావు వేసిన కాశయ్య తెలంగాణ యాసలో మాట్లాడతాడు, కానీ అతడు రౌడీ రాజకీయ నాయకుడు. కథానాయికది 'మంచి' తెలుగు. అప్పట్లో మన మాట విలన్‌కో, నవ్వించే పాత్రకో పనికొచ్చేది. 2017లో 'ఫిదా' వచ్చేసరికి బాన్సువాడ పిల్ల కథానాయిక అయి, మొదటినుంచి చివరిదాకా తన యాసలోనే మాట్లాడింది. యాస మారలేదు. దాన్ని వినేవాళ్లూ, టికెట్టు కొనేవాళ్లూ, సినిమా తీసేవాళ్లూ మారారు.

సహోపాధ్యాయుల వారి గ్రాంథికానికీ ఇదే చెల్లుతుంది. అది ఓరుగల్లు కోటలో పుట్టలేదు, నాటకాల స్టేజీ మీద పుట్టింది. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' నాటక సమాజాల చలవే. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది. పద్యానికీ పద్యానికీ మధ్య నటులు పలికే వచనం ఉన్నదున్నట్టు తెర మీదికి ఎక్కింది. ఆరేళ్లకే, 1938లో, 'మాలపిల్ల'కు తాపీ ధర్మారావు వాడుక భాషలో సంభాషణలు రాశారు. గిడుగు వారి ఉద్యమం అప్పటికి సినిమాదాకా వచ్చిందన్నమాట. అయితే సాంఘిక చిత్రాలు వాడుకలోకి దిగినా, కిరీటం పెట్టుకున్న పాత్రలను ఎవరూ కదిలించలేదు. (ఆ గ్రాంథికంతోనూ ఆడుకున్నవాడు పింగళి నాగేంద్రరావు. 'మాయాబజార్' కోసం ఆయన సృష్టించిన 'అసమదీయులు, తసమదీయులు' భారతంలో ఎక్కడా లేవు. 1957లో పుట్టి, ఇవాళ్టికీ రాజకీయ వార్తల్లో తిరుగుతున్నాయి.)

ఓరుగల్లు మీద సినిమా తీస్తేనే ఇలా అవుతుందని కాదు. 1970ల చివర తీసిన 'మా భూమి' కథ 1940ల్లో నిజాం పాలన మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటానిది. అందులో జనం మాట్లాడే తెలుగు నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే ఆ రోజులు చూసినవాళ్లు ఊరూరా బతికే ఉన్నారు. అయినా ఆ సినిమా అప్పుడే ఎందుకు వచ్చింది? ఎమర్జెన్సీ ముగిసింది, జగిత్యాల, సిరిసిల్లల్లో రైతుకూలీలు దొరల మీద లేచారు, 1978లో ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. బండి యాదగిరి కట్టిన పోరాట కాలపు పాటను తెర మీద గద్దర్ పాడుతుంటే, హాల్లో కూర్చున్నవాళ్లకు నిజాం ఒక్కడే గుర్తొచ్చి ఉండడు.

ఇక రుద్రమ కాలపు తెలుగు సంగతి. వీధిలో ఎలా మాట్లాడుకున్నారో పట్టిచూపే రికార్డింగు లేదు. శాసనాలున్నాయి, పాల్కురికి సోమనాథుడి ద్విపదలున్నాయి, గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉన్న రంగనాథ రామాయణం ఉంది. గన్నారెడ్డి కూడా ఆ గోన వంశం వాడే కాబట్టి, ఆయన ఇంటి తెలుగు తెలియాలంటే సినిమాకన్నా ఆ ద్విపద దగ్గరి దారి. జాను తెనుగు అందరికీ తెలిసినది కనుక అందులో రాస్తున్నానని సోమనాథుడే చెప్పుకున్నాడు. అంటే పండితుల భాష, జనం భాష వేరువేరన్న స్పృహ అప్పటికే ఉంది. అందరూ గ్రాంథికమే మాట్లాడారనడం కుదరదు.

మీ వాక్యం చూద్దాం. 'హుకుం', 'తయారు' రెండూ ముస్లిం పాలకుల కాలంలో మన భాషలో స్థిరపడ్డ మాటలు. ఓరుగల్లు తుగ్లకుల వశమైంది 1323లో, రుద్రమ పోయిన ముప్పై ఏళ్లు దాటాక. మన యాసకు ప్రాణమైన 'జర', 'పరేషాన్', 'జల్ది' కూడా ఆ తోవనే వచ్చాయి. నాటికంతా నేటి యాసలో రాస్తే ఇవి తప్పకుండా దూరతాయి. ఆ మాటకొస్తే ఏ పాత్ర చేతా 'మిరపకాయలా మండిపడ్డాడు' అనిపించకండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ఘాటుకు అలవాటుపడ్డ మనకు నమ్మబుద్ధి కాదు గానీ, మిరప ఈ దేశానికి వచ్చిందే పోర్చుగీసువారితో. అప్పటి కారం మిరియాలదే.

'తమరు' కూడా నాటకాల మర్యాదే. కావ్యాల్లో రాజునైనా, దేవుణ్నైనా 'నీవు' అనే పిలుస్తారు. మన పల్లెల్లో ఇప్పటికీ తాతను 'నువ్వు' అంటే ఎవరూ తప్పుపట్టరు. ఈ ఒక్క విషయంలో మన యాస సినిమా గ్రాంథికంకన్నా పాత తెలుగుకు దగ్గర.

'మహారాణీ' అన్న పిలుపు మీద నా అభ్యంతరం ఇంకా పెద్దది. శాసనాల్లో రుద్రమ చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు'. ఆమె సింహాసనం ఎక్కింది రాజుగానే. పిల్లలు పలకడానికి తేలికగా ఉండాలి కాబట్టి నేటి వాడుక క్రియలే ఉంచి, సేనాని చేత ఇలా అనిపించండి: "మహారాజా, నీవు ఆనతిస్తే సేన కదులుతుంది."