టీకా వేయించుకున్నా నా నుంచి ఫ్లూ అంటుతుందా?

ప్రశ్న: నా వయసు 38. రెండు నెలల కిందట ఫ్లూ టీకా వేయించుకున్నా. అయినా మూడు రోజులుగా జ్వరం, దగ్గు. పరీక్షలో ఇన్‌ఫ్లూయెంజా-ఎ అని తేలింది. ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్, ప్రెడ్నిసోలోన్ వేసుకుంటున్నాను. నిన్నటి నుంచి జ్వరం లేదు. ఇంట్లో సీఓపీడీ (శ్వాసనాళాలు కుంచించుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న నాన్నగారు (72), నాలుగు నెలల పాప ఉన్నారు. టీకా పడింది కాబట్టి నా నుంచి వైరస్ రాదు కదా, మాస్కు అవసరమా?

జవాబు: మాస్కు తప్పనిసరి. చేతికి వేసే టీకా ఊపిరితిత్తులను కాపాడినంతగా ముక్కు, గొంతు పొరలను కాపాడదు. అందుకే జబ్బు ముదరకపోయినా వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. టీకా పడినవారిలో అది త్వరగా తగ్గే అవకాశముంది, అంతే. కోవిడ్ డెల్టా రకంలోనూ వైరస్ గరిష్ఠ స్థాయి టీకా పడినవారిలో, పడనివారిలో దాదాపు ఒకేలా ఉండి, పడినవారిలో వేగంగా పడిపోయింది. ఫ్లూ వైరస్ లక్షణాలకు ఒకరోజు ముందు నుంచి 5–7 రోజుల దాకా వెలువడుతుంది. మొదటి మూడు రోజులు మరీ ఎక్కువ. అంటే నాన్నగారికి ఈపాటికే సోకి ఉండొచ్చు.

నాకు ఆందోళన కలిగించింది ఆ ప్రెడ్నిసోలోన్. అది స్టెరాయిడ్; జ్వరాన్ని అణచిపెడుతుంది, వైరస్‌ను కాదు. పైగా వైరస్ మరికొన్ని రోజులు వెలువడేలా చేయొచ్చు. కాబట్టి ‘నిన్నటి నుంచి జ్వరం లేదు’ అన్నదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. రెండు మూడు రోజులే వాడితే సాధారణంగా ఆపేయొచ్చు, మీ డాక్టర్‌ని అడిగి ఆపండి. చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం హఠాత్తుగా మానకూడదు. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాపై వాడే యాంటీబయాటిక్, వైరస్‌తో వచ్చే ఫ్లూకి పనిచేయదు. ఎప్పుడో మిగిలిన మాత్రల్ని ‘పనికొస్తాయి’ అని దాచే అలవాటు ఇకనైనా మానండి.

నాన్నగారిని ఈరోజే డాక్టర్‌కి చూపించండి. ముందుజాగ్రత్తగా ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్‌పై పనిచేసే మందు) ఇవ్వాలనుకుంటే సోకే అవకాశం ఏర్పడిన 48 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆయనకు దగ్గు, జ్వరం మొదలైతే ఈ మందు కోసం పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. కిడ్నీల పనితీరును బట్టి మోతాదు మారుతుంది, మీరే కొని ఇవ్వొద్దు. ఇన్‌హేలర్ ఆపొద్దు. ఆక్సిజన్ రీడింగు ఆయనకు మామూలుగా ఉండేదానికన్నా తగ్గినా, ఆయాసం పెరిగినా ఆస్పత్రికే.

ఆరు నెలల లోపు పిల్లలకు ఫ్లూ టీకా వేయరు. అందుకే పాపకు మీరు దూరంగా ఉండటమే రక్షణ. లక్షణాలు మొదలైన నాటి నుంచి కనీసం వారం వేరే గదిలో ఉండండి. పాలిచ్చే తల్లయితే మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు. పాప పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, మత్తుగా ఉన్నా రాత్రయినా సరే తీసుకెళ్లండి.