చీకట్లో తూలే అడుగులు
చెవి, ముక్కు, గొంతు: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. నాకు 39 ఏళ్ళు, బళ్ళో టీచర్ని. మా నాన్నగారికి నలభై దాటాక వినికిడి తగ్గింది, ఆ వెనకే నడకలో తూలు మొదలైంది. ఆయన జన్మలో మందు ముట్టలేదు. అయినా పొద్దుగూకాక కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే "వేసుకొచ్చాడురా" అని నవ్వేవాళ్ళు. మా బాబాయిదీ అదే తీరు. ఇప్పుడు అన్నయ్యకి 45. టీవీ సౌండు పెంచుతున్నాడు, కరెంటు పోతే గోడ పట్టుకుంటున్నాడు. ఇది మా రక్తంలోనే ఉందా? నాకూ, పదిహేనేళ్ళ మా అబ్బాయికీ వస్తుందా? దయచేసి పేరు వేయకండి, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలున్నారు.

జవాబు: అమ్మా, "కరెంటు పోతే గోడ పట్టుకుంటున్నాడు" అని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అది. తల తిరుగుడుతో వచ్చిన ప్రతివాళ్ళనీ నేను అడిగే మొదటి ప్రశ్న చీకటి గురించే.

మనం పడిపోకుండా నిలబడడానికి మూడు ఆధారాలున్నాయి. లోపలి చెవి, కళ్ళు, అరికాళ్ళు. లోపలి చెవిలో మూడు సన్నని నాళాలు అర్ధవృత్తాల్లా ఒంగి ఉంటాయి, వాటి నిండా ద్రవం. తల తిప్పినప్పుడల్లా ఆ ద్రవం కదిలి మెదడుకు కబురు చేస్తుంది. రెండు చెవుల్లోనూ ఈ ఏర్పాటు మెల్లగా దెబ్బతింటే గిర్రున తిరగడం ఉండకపోవచ్చు. పగలు, సిమెంటు రోడ్డు మీద మనిషి మామూలుగానే నడుస్తాడు, కళ్ళూ కాళ్ళూ నెట్టుకొస్తాయి. చీకటి పడితే కళ్ళ సాయం పోతుంది. వానాకాలం ఒండ్రుమట్టి గట్టు మెత్తబడితే కాళ్ళ సాయమూ పోతుంది. ఇక తూలక ఏం చేస్తాడు?

మా ఆస్పత్రిలో బల్ల కింద నాలుగంగుళాల మందం స్పాంజి ముక్క ఒకటి ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం కొబ్బరి దింపు తీసే ఒకాయన్ని దాని మీద నిలబెట్టాను. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ బాగానే నిలబడ్డాడు. కళ్ళు మూసుకోమన్నాను. రెండు అంకెలు లెక్కపెట్టానో లేదో, నరికిన చెట్టులా పక్కకి ఒరిగిపోయాడు. నేనూ కాంపౌండరూ చెరో రెక్కా పట్టుకున్నాం. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య "అయితే తాగుడు కాదాండీ?" అని అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఏళ్ళ తరబడి ఆవిడ భర్తని నమ్మలేదట. మీ నాన్నగారి సంగతి చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చింది.

ఇక మీరు అడిగింది. తండ్రికి, బాబాయికి, ఇప్పుడు అన్నకి, అందరికీ నడివయసులోనే, వినికిడీ నిలకడా రెండూ కలిసి తగ్గుతున్నాయంటే ఇది వంశపారంపర్యం అని అనుమానించాల్సిందే. ఇలాంటి ఇళ్ళల్లో దొరికే జన్యువుల్లో బాగా తెలిసింది కాచ్ అనేది. 14వ క్రోమోజోము మీద ఉంటుంది. దీనిలో తేడా వస్తే ఈ జబ్బు వస్తుందని 1998లో తేలింది. ఆ జన్యువు తయారుచేయించే కాక్లిన్ అనే ప్రోటీను లోపలి చెవిలో చాలా ఎక్కువగా ఉంటుంది. అది సరిగ్గా తయారుకాకపోతే చెవి లోపలి కణాలు ఏళ్ళ మీద క్షీణిస్తాయి. ముందు కీచు శబ్దాలు వినపడడం మానేస్తాయి, తూలు దానికి ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల్లో ఒకే మార్పు ఎన్నో కుటుంబాల్లో ఉంది. అయితే ఇది ఒక్కటే కాదు, వేరే జన్యువులూ ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్నది ఇదే అని ఉత్తరం చూసి చెప్పలేను, చెప్పకూడదు కూడా.

ఇలాంటివాటిలో జన్యువు జంటలో ఒక్కదానిలో తేడా ఉన్నా చాలు, జబ్బు వస్తుంది. కాబట్టి మీ నాన్నగారి నుంచి మీకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఆడపిల్లకి రాదన్నది తప్పు. మీకు రాకపోతే మీ అబ్బాయికి మీ నుంచి రావడమన్న ప్రశ్నే లేదు.

రక్తపరీక్షకి పరిగెత్తే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. తాతయ్య నుంచి మొదలుపెట్టి ఇంటి చెట్టు గీయండి. ఎవరికి ఏ వయసులో వినికిడి తగ్గింది, ఎవరు ఎప్పుడు తూలారు, ఎవరు చివరిదాకా నిక్షేపంగా ఉన్నారు, అన్నీ. బాగున్నవాళ్ళ వివరాలు జబ్బు ఉన్నవాళ్ళవంత అవసరమే నాకు. ఇంకొకటి కనుక్కోండి. నాన్నగారికి గానీ బాబాయికి గానీ ఎప్పుడైనా క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేశారా? ఒకప్పుడు అవి నెలల తరబడి ఇచ్చేవారు. లోపలి చెవిలోని నిలకడ భాగాన్ని అవి తినేస్తాయి. ఒకే ఇంట్లో ఇద్దరికి క్షయ వచ్చి, ఇద్దరికీ అదే మందు పడి ఉంటే, చూసేవాళ్ళకి వంశపారంపర్యంలాగే కనిపిస్తుంది.

ముందు అన్నయ్యని చూపించండి. వినికిడి పరీక్ష, చెవిలో చల్లని, వెచ్చని నీళ్ళు పోసి కళ్ళ కదలిక చూసే పరీక్ష, తల విసురుగా తిప్పి కెమెరాతో కంటిపాపని గమనించే పరీక్ష చేస్తారు. చెవే కారణమని తేలితే అప్పుడు జన్యు పరీక్ష, అదీ జబ్బు ఉన్న మనిషికే మొదట. హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడికి మీరు గీసిన చెట్టు తీసుకెళ్ళండి.

మీ అబ్బాయికి మాత్రం ఇప్పుడే పరీక్ష వద్దని నా గట్టి అభిప్రాయం. నలభైలో వచ్చేదాని గురించి, ముందే ఆపే మందు లేనప్పుడు, పదిహేనేళ్ళవాడి నెత్తిన ఆ కాగితం పెట్టకండి. పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో వాడే తేల్చుకుంటాడు.

జన్యువుని బాగుచేసే మందు ఈరోజుకి లేదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. చూపు ఒకచోట నిలిపి తల ఆడించే వ్యాయామాలు రోజూ చేస్తే మెదడు మిగతా రెండు ఆధారాల్నీ బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. వినికిడి మిషను, అది చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంటు (ఆపరేషను చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) బాగా పనిచేస్తాయి. తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి మింగించకండి. ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్ లాంటివి ఎక్కువకాలం వాడితే చేతుల వణుకు, నడకలో బిగుతు వస్తాయి, అలవాటు పడాల్సిన మెదడుని అవే అడ్డుకుంటాయి. ఏ జబ్బుకి వెళ్ళినా, స్ట్రెప్టోమైసిన్‌లాగే చెవిని దెబ్బతీసే జెంటామైసిన్ రకం ఇంజెక్షన్లకి ముందు "మా ఇంట్లో చెవి జబ్బుంది" అని డాక్టరుకి చెప్పండి.

లంకలో ఉన్నారు కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను. అన్నయ్యని గోదాట్లో గానీ కాలువలో గానీ మునగనివ్వకండి. చిన్నప్పుడు ఎంత ఈతగాడైనా సరే. లోపలి చెవి పనిచేయని మనిషికి మురికినీటిలో మునిగితే పైకేదో కిందకేదో తెలియదు. పైకి వస్తున్నాననుకుని అడుగుకి ఈదుతాడు.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. వయసు 52. మంచం మీద కుడివైపు తిరిగితే ఇల్లంతా గిర్రున తిరుగుతుంది, అర నిమిషంలో తగ్గిపోతుంది. మా అమ్మకీ ఇలాగే ఉండేది. వంశపారంపర్యమా?

జవాబు: దాదాపు కాదండి. లోపలి చెవిలో సున్నపు రేణువులు కొన్ని ఉంటాయి. అవి ఉండాల్సిన చోటు వదిలి నాళంలోకి జారితే ఇలా అవుతుంది. వయసు మీద పడుతుంటే ఎవరికైనా వస్తుంది, అమ్మకీ మీకూ రావడం వింతేమీ కాదు. ఎప్లీ పద్ధతిలో తలని వరసగా కొన్ని భంగిమల్లో తిప్పి రేణువుల్ని వెనక్కి పంపిస్తాం, పది నిమిషాల పని. విటమిన్ డి ఒకసారి చూపించుకోండి. తిరుగుడుతోపాటు మాట ముద్దకట్టినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, అది చెవి సంగతి కాదు, క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. నేను మా మేనమామనే చేసుకున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్ళు, పుట్టుచెవుడు. రెండేళ్ళు నిండాక గానీ నడవలేదు. ఇప్పుడు అసురసంధ్య వేళకి గడపలు తన్నుకుంటున్నాడు. రేచీకటి అని ములగాకు, బొప్పాయి పెడుతున్నాను. మా అత్తగారు తప్పు నాదే అంటున్నారు.

జవాబు: తల్లీ, తప్పు మీది కాదు. అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. మొదటి ఉత్తరంలోని జబ్బులా కాదు, మీ బాబుకి వచ్చినలాంటి జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జన్యువుకి రెండు చెడ్డ ప్రతులూ వస్తేనే బిడ్డకి జబ్బు. మేనమామా మేనకోడళ్ళకి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి, అందుకే రెండూ ఒకచోట కలిసే అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఉంటేనే ఇది జరుగుతుంది.

పుట్టుచెవుడు, నడక ఆలస్యం, ఇప్పుడు సంధ్యచూపు తగ్గడం, ఈ మూడూ కలిస్తే అషర్ సిండ్రోమ్ మొదటి రకమేమో అని వెంటనే చూడాలి. అందులో లోపలి చెవి వినడానికే కాదు, నిలకడకీ పుట్టుకతోనే పనిచేయదు. అందుకే పిల్లలు ఏడాదిన్నర దాటితే గానీ నడవరు. కొన్నేళ్ళకి కంటి వెనక ఉండే రెటీనా అనే పొర అంచుల నుంచి చూపు తగ్గుతూ వస్తుంది. దీనికి కారణమయ్యే జన్యువుల్లో ఒకటైన మయో7ఎ 1995లో దొరికింది. ఆకుకూరలు పెట్టండి, మంచిదే. కానీ విటమిన్ ఎ మాత్రలు సొంతంగా వేయకండి. రెటీనా డాక్టరుతో ఈఆర్‌జీ పరీక్ష (వెలుగుకి రెటీనా ఎలా స్పందిస్తోందో చూసేది) చేయించండి.

చూపు ఉన్నప్పుడే వాడికి అక్షరాలూ సైగలూ గట్టిగా నేర్పించాలి, ఇందులో ఒక్క ఏడాది కూడా వృథా చేయొద్దు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందు బాబు జన్యువులో తేడా ఏదో తేల్చుకోండి. అది తెలిస్తే మూడో నెలలో మావి నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు. ప్రతి కాన్పుకీ బిడ్డకి ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

ఇంట్లో గడపల అంచులకి తెల్లరంగు వేయండి, బాబు పడుకునే గదిలో రాత్రంతా చిన్న బల్బు ఉంచండి. సాయంత్రం ఆరు దాటాక వాణ్ణి రేవు దగ్గరికి ఒంటరిగా పంపకండి.