ఒరలో కొట్టివేసిన పేరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ పక్కింటి పెద్దాయన దగ్గరున్న లుగర్ అనే పాత జర్మన్ పిస్తోలు మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి ఇంకాస్త ఎక్కువ వచ్చింది. మూడోసారి తొమ్మిదో పేజీలో ఒక అర వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తర్వాత. ముందు నా కోపం తీరనీ.

"ఆ పిస్తోలు నోరు విప్పితే ఎన్ని యుద్ధగాథలు చెప్పేదో!" అని మొదలుపెట్టావు. పిస్తోలుకు నోరు ఉంది తల్లీ. దాన్నుంచి వచ్చేది ఒకే ఒక్క మాట. మిగతాదంతా మనం చూసి చెప్పవలసిందే.

నువ్వు చూశావా? "1942 నాటి లుగర్, ఇన్నేళ్లయినా ట్రిగ్గర్ మీద పసిడి వన్నె తగ్గలేదు" అని రాశావు. ట్రిగ్గర్‌లాంటి చిన్న భాగాలను వేడి చేసి ఆ ఎండుగడ్డి రంగు తెప్పించడం ఒకప్పుడు ఉన్నమాట నిజమే. వీటిని తయారుచేసిన మౌజర్ ఫ్యాక్టరీ 1937లో ఆ పద్ధతి మానేసి, వాటికీ మిగతా పిస్తోలుకు వేసే నీలి పూతే వేయసాగింది. 1942 పిస్తోలుకు పసిడి ట్రిగ్గర్ ఉందంటే, ఆ తర్వాత ఎవరో దానికి ముస్తాబు చేశారన్నమాట, ముసలి పెళ్లికొడుకు జుట్టుకు రంగు వేసినట్టు. నువ్వు మురిసిపోయిన ఆ మెరుపే దాని ధరను కిందికి లాగుతుంది. ఈ పిస్తోళ్లు సేకరించేవాళ్లు అంచుల దగ్గర పూత అరిగిపోయిన దాన్నయినా కళ్లకద్దుకుంటారు గాని, కొత్తగా పూత పూసిన దాని జోలికి పోరు.

"నల్ల పిడి ఉన్న ఈ రకాన్ని జర్మన్ సైనికులు బ్లాక్ విడో అని పిలుచుకునేవారు" అన్నావు. వాళ్లెవరూ పిలవలేదు. యుద్ధం ముగిశాక అమ్ముకునేవాళ్లు తగిలించిన పేరు అది.

ఇక మీ పక్కింటి పెద్దాయన చెప్పిన కథ. వాళ్ల నాన్న 1945లో జర్మనీ నుంచి తెచ్చాడనీ, అప్పటినుంచి అది "తల్లి ఒడిలో బిడ్డలా" అదే తోలు ఒరలో నిద్రపోతోందనీ. తోలు ఒర పిస్తోలుకు తల్లి కాదు, సవతి తల్లి. తోలును పదును చేయడానికి వాడిన లవణాలూ ఆమ్లాలూ అందులో మిగిలే ఉంటాయి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి, ఆనుకుని ఉన్న ఉక్కును నెమ్మదిగా తింటాయి. అన్నేళ్లు ఒరలోనే ఉండి ఒక్క తుప్పు మచ్చయినా లేదంటే పిస్తోలు, ఒర, కథ, ఈ మూడింటిలో ఏదో ఒకటి నిజం కాదు. పెద్దాయన అబద్ధమాడాడని అనను. ఆయనకు చెప్పినవాళ్లు ఎవరో.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. నీ పాఠకుడు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉంటాడు. 9 మిల్లీమీటర్ల తూటా వాడే ఆ పిస్తోలు మన దేశంలో మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికేది కాదు. జన్మలో దాన్ని ముట్టుకోని మనిషి చేతిలో దాన్ని పెట్టాల్సింది నీ వాక్యమే. బరువు తెలియాలి, ఏ మూల పూత పోయిందో తెలియాలి. "చరిత్రకు మూగసాక్షి" అంటే వాడి చేతికి ఏం దొరికింది?

ధర ఎంతని రాయాలి అని అడిగావు. అసలు రాయకు, వచ్చే ఏడాదికే తప్పవుతుంది. ధర దేన్నిబట్టి ఉంటుందో రాయి. పిస్తోలు నంబరులోని చివరి రెండంకెలు చిన్న చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర, ఒక్కటి కలవకపోయినా వేరే ధర. పిస్తోలుతోపాటు ఇచ్చిన రెండు మ్యాగజైన్ల, అంటే తూటాలు నింపే డబ్బాల, అడుగునా అదే నంబరు, రెండోదానికి పక్కన కూడిక గుర్తు. అవి రెండూ ఈనాటికీ జతగా దొరికితే పండగే.

ఈ మ్యాగజైన్ల మాట నేనూ ఒకప్పుడు రాశాను. ఆ పత్రిక సంపాదకుడికి ఇంగ్లీషు మాట కనబడితే తెలుగు చేసే పిచ్చి. "జర్మన్ సైన్యం ప్రతి పిస్తోలుతో రెండు పత్రికలు ఇచ్చేది" అని దిద్ది అచ్చువేశాడు. ఆ పత్రికలేమిటో, ఏ భాషలో వచ్చేవో చెప్పమని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. పాఠకుడికి అంకెలు విసుగంటూ ఆ సంపాదకుడే నంబర్ల పేరా మొత్తం కోసేశాడు. పక్కన వేసింది రివాల్వర్ బొమ్మ! ముప్పై ఏళ్లయింది, ఆయనను నేనింకా క్షమించలేదు. ఏ పత్రికకు పంపాలని నన్ను మాత్రం అడగకు.

నాకూ గర్వభంగం జరగకపోలేదు. అమెరికా వచ్చిన కొత్తలో లుగర్ కొనే తాహతు లేక, ఒక తుపాకుల సంతలో ఒట్టి ఒర మాత్రమే కొన్నాను. నల్లతోలు, వెనక బెల్టు పట్టీల మధ్య 1941 ముద్ర. ఫ్రాన్స్‌లో యుద్ధం జరిగిన నార్మండీలో తన తాతకు దొరికిందని అమ్మినవాడు చెప్పాడు. నెల అద్దె డబ్బు పోసి, దాన్ని మోసిన సైనికుడి మీద పన్నెండు పేజీలు రాశాను. తర్వాత ఒక పాతకాపు దీపం ఆర్పి, అతినీలలోహిత దీపం దానిమీద వేశాడు. పాతకాలపు దారం ఆ వెలుతురులో మందకొడిగా ఉంటుంది. నా ఒర కుట్లన్నీ మతాబుల్లా తెల్లగా వెలిగాయి. అంతా ఈ మధ్య కుట్టిన సరుకు. నా సైనికుడు ఆ వెలుగులోనే పోయాడు.

అప్పటినుంచి పిస్తోలు కన్నా ముందు ఒర చూస్తాను. మూత లోపల పనిముట్టు దాచే బుల్లి జేబు, ముందు అంచున అదనపు మ్యాగజైన్ సంచి, పిస్తోలును పైకి లేపే తోలు పట్టీ. ఆ పట్టీ కొస అరిగి ఉంటే దాన్ని నిజంగా ఎవరో లాగారు.

ఇప్పుడు నీ అర వాక్యం. "మూత లోపల ఇంకుతో రాసిన ఒక పేరు కొట్టేసి, కింద మరో పేరు రాసి ఉంది, అదలా ఉంచితే..." అని హిట్లర్ చరిత్రలోకి దూకేశావు, నాలుగు పేజీలు. అదలా ఎందుకు ఉంచాలి? హిట్లర్ గురించి అందరూ రాశారు. ఆ కొట్టివేతను నువ్వొక్కదానివే చూశావు. ఒక్క గీతతో కొట్టారా, అక్షరం కనబడకుండా గీకేశారా? రెండు పేర్లకూ ఇంకు ఒకటేనా? మొదటివాడు చనిపోయాడో, బదిలీ అయ్యాడో ఊహించకు. గీత ఎలా ఉందో అంతవరకే రాయి. ఆ పేజీ చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కవిత్వంలోకి మారనా అని కూడా అడిగినట్టున్నావు.

ఈ ఉత్తరం అందగానే పక్కింటికి వెళ్లి, ఆ పిస్తోలును ఒరలోంచి తీయించి విడిగా పెట్టించు. కొత్త పూతయినా సరే, తుప్పు పట్టడం ఎందుకు? అలాగే ఒర వెనకవైపు ఫోటో ఒకటి తీసి పంపు. పట్టీల మధ్య ముద్ర స్పష్టంగా కనబడాలి, ఫ్లాష్ వెయ్యకు.